చినగంజాం ఒడ్డు నుంచి చూస్తే

(చీరాలలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చి కూర్చున్నారు, సంతోషం. వెనక వరసల వాళ్లకు మైకు వినపడుతోందా? సరే.

నాకిచ్చిన విషయం "దేశంలో నీటి, నేల, గాలి రవాణా". చాలా పెద్ద విషయం. మనకు 63 లక్షల కిలోమీటర్ల రోడ్లు ఉన్నాయి, దాదాపు 69 వేల కిలోమీటర్ల రైలు దారి ఉంది. ఇవన్నీ వరసగా అప్పజెబితే రేపటికి మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుకని నేను బాగా ఎరిగిన చోటు నుంచి మొదలుపెడతాను. నేను రైల్వే గూడ్స్ షెడ్డులో ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేశాను. మాది చినగంజాం పక్క పల్లె. మా తాతయ్య పడవ నడిపేవాడు. మా ఊరి నుంచి చూస్తే తూర్పున సముద్రం, దానికి కొంచెం ఇవతల బకింగ్‌హాం కాలువ, ఉప్పు కొఠార్లు, రైలు పట్టాలు, ఇంకా పడమరకు పోతే కలకత్తా, మద్రాసుల మధ్య హైవే. దేశంలో ఉన్న దారులన్నీ ఆ కాస్త జాగాలోనే ఉన్నాయి.

ముందు సముద్రం దగ్గరికి పోదాం. మాకు దగ్గర్లోనే మోటుపల్లి. ఇప్పుడు వెళ్తే చిన్న పల్లెటూరు, పాత గుళ్లు. కానీ కాకతీయుల కాలంలో అది పెద్ద ఓడరేవు. మార్కోపోలో ఈ రాజ్యానికే ఆ రేవు పేరు పెట్టి "ముత్ఫిలి" అని రాసుకున్నాడు. అక్కడ గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది. దాన్ని అభయ శాసనం అంటారు. అంతకు ముందు పద్ధతి ఎలా ఉండేదంటే, గాలివానకు ఓ ఓడ దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిందనుకోండి, అందులో ఉన్న ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ ఒడ్డును ఏలే రాజువే. వర్తకుడికి ఓడ పోయేది, సరుకూ పోయేది. గణపతిదేవుడు ఆ పద్ధతి తీసేశాడు. ప్రాణాన్ని కూడా లెక్కచేయకుండా సముద్రం మీద వచ్చేవాళ్ల దగ్గర న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని రాతి మీద చెక్కించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్ఫైలో ఒక వంతు. కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు... దేనికెంత సుంకమో కూడా అందులోనే ఉంది.

ఈ శాసనం గురించి పాఠాల్లో చదువుకునే ఉంటారు. నేను దాన్ని గుమాస్తా కళ్లతో చదివాను. ఆ రాజు ఓడల వేగం పెంచలేదు, తుఫాను ఆపలేదు. సరుకు ఓడ దిగి నేల మీదికి వచ్చే ఆ ఒక్క చోట ఉన్న భయం తీసేశాడు. దానికే రేవు నిండింది.

షెడ్డులో ఇన్నేళ్లు కూర్చుని నేను తెలుసుకున్నదీ ఇదే. సరుకు కదులుతున్నంతసేపూ పెద్దగా ఖర్చు కాదు. అది ఆగి, ఒకదాంట్లోంచి దిగి, ఇంకోదాంట్లోకి ఎక్కే చోట ఖర్చు అవుతుంది. బస్తాకు దింపుడు కూలి, ఎత్తుడు కూలి, కాటా, కొక్కెం దిగి గోనె చిరిగితే తరుగు, వాన పడితే తరుగు, వ్యాగను టైముకు ఖాళీ చేయకపోతే డెమరేజీ, దించిన సరుకు షెడ్డులోనే ఉంచితే వార్‌ఫేజీ. ముఠా కూలీలు రాకపోతే ఆ రోజంతా అందరికీ టెన్షన్. మనం రవాణా అనగానే దారి ఎంత పొడవు, బండి ఎంత వేగం అని చూస్తాం. ఒక దారి ఇంకో దారికి ఎక్కడ తగులుతుంది, అక్కడ ఏం జరుగుతుంది అని చూడం. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది దాని గురించే.

జలరవాణా వాళ్లు ఎప్పుడూ చెప్పే లెక్క ఒకటుంది. ఒక లీటరు డీజిలుతో ఒక టన్ను సరుకును రోడ్డు మీద 24 కిలోమీటర్లు, రైల్లో 85 కిలోమీటర్లు, నీటి మీద 105 కిలోమీటర్లు తీసుకుపోవచ్చట. అంటే నీళ్లే అన్నిటికన్నా చవక. మరి అంత చవకైన కాలువ మా ఊళ్లో ఎందుకు ఎండిపోయింది?

ఆ కాలువ సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. 1806లో మద్రాసులో బాసిల్ కాక్రేన్ అనే తెల్లదొర ఎన్నూరు దాకా ఒక కాలువ తవ్వించడం మొదలుపెట్టాడు. తర్వాత ప్రభుత్వం తీసుకుని పులికాట్ సరస్సు మీదుగా ఉత్తరానికి పొడిగిస్తూ వచ్చింది. ఇటు మన వైపు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు, 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆనకట్ట అంటే మనకు పొలాలకు నీళ్లే గుర్తొస్తాయి. కాటన్ తవ్వించిన కాలువలు పారుదలకే కాదు, పడవలకు కూడా. లాకులు, అంటే నీటి మట్టం మార్చి పడవను దాటించే తలుపుల గదులు, అందుకే పెట్టారు. దేశానికి రైళ్లకన్నా ముందు నీటి దారులు కావాలని ఆయన జీవితమంతా వాదించాడు. 1878లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే మాట చెప్పాడు. అక్కడ ఆయన మాట నెగ్గలేదు, డబ్బు రైళ్లకే పోయింది.

ఈ ముక్కలన్నీ కలిస్తే ఏమైందో చూడండి. కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, గోదావరి దగ్గరికి. అక్కడ నుంచి ఏలూరు కాలువ 139 కిలోమీటర్లు, బెజవాడకు. అక్కడ కృష్ణ దాటితే కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు, మా పెదగంజాం దాకా. పెదగంజాం లాకు దగ్గర మంచినీళ్ల కాలువ అయిపోయి ఉప్పునీళ్ల కాలువ మొదలవుతుంది. అదే బకింగ్‌హాం కాలువ. అక్కణ్ణుంచి మద్రాసుకు 316 కిలోమీటర్లు, మద్రాసు దాటి మరక్కాణం దాకా ఇంకో 110. కాకినాడలో పడవ ఎక్కితే పుదుచ్చేరి దగ్గర్లో దిగొచ్చు, ఒక్కసారి కూడా సముద్రంలోకి పోకుండా. అటు నుంచి ఇటు దాకా ఒకే పడవ. సరుకు దింపి మళ్లీ ఎక్కించాల్సిన పని లేదు.

ఆ పేరు ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరువు. మన పెద్దవాళ్లు ధాత కరువు అనేవాళ్లు. లక్షలమంది పోయారు. అప్పుడు మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. మద్రాసులో అడయారుకూ కూవం నదికీ మధ్య 8 కిలోమీటర్ల కాలువ కరువు పని కింద తవ్వించారు. 1878లో మొత్తం కాలువకు ఆయన పేరు పెట్టారు. కరువు పనుల్లో మగమనిషికి రోజంతా మట్టి మోస్తే ఇమ్మని ఖరారు చేసిన కూలి ఒక పౌను గింజలు, పైన ఒక అణా. ఒక పౌను అంటే అరకిలోకు తక్కువ. ఆ కూలి సరిపోదని అప్పట్లోనే డాక్టర్లు మొత్తుకున్నారు. గవర్నరు పేరు నిలిచింది, తవ్వినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ఆ గట్టు మీద నడిచినప్పుడు నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఇంకో సంగతి, కరువు నడుస్తుండగానే ఈ దేశం నుంచి గింజలు ఓడల్లో ఇంగ్లండుకు పోయాయి. ఆ గింజల్ని రేవులకు చేర్చినవి కొత్తగా వేసిన రైళ్లే. దారి ఉన్నంత మాత్రాన అన్నం మన ఇంటి వైపే వస్తుందని నమ్మకూడదు.

ఇక మా తాతయ్య పడవ. చినగంజాంలో ఉప్పు ఎక్కించేవాళ్లు. కొఠారు నుంచి నెత్తిన గంపతో నాలుగడుగులు వేస్తే పడవ. కాలువ ఉప్పుమళ్ల పక్కనే కదా. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడ. గడ కూడా చాలకపోతే ఇద్దరు దిగి, నడుముకు తాడు కట్టుకుని గట్టు మీద నడుస్తూ లాగేవాళ్లు. కాలువలో పోటు, పాటు ఉండేవి, సముద్రం నీళ్లే కాబట్టి. పోటు చూసుకుని బయల్దేరాలి. దారిలో గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు, పెన్న అడ్డం వస్తాయి. ఏటికి ఇటొక లాకు, అటొక లాకు. పడవ లాకు గదిలోకి వచ్చాక వెనక తలుపు మూస్తారు, ముందు తలుపులో తూము తెరుస్తారు, నీటి మట్టం సమానం అయ్యేదాకా పడవ అక్కడే నిలబడాలి. అప్పుడు ముందు తలుపు తీస్తారు. మద్రాసు చేరడానికి వారం, పది రోజులు. కాలువ మీద నెల్లూరు బియ్యం పోయేవి, శ్రీహరికోట అడవి నుంచి మద్రాసు పొయ్యిల్లోకి కట్టెలు పోయేవి, సున్నానికి గుల్ల పోయేది.

1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు పడింది, కాలువకు దగ్గర దగ్గరగానే. రైలొచ్చి కాలువను చంపిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. మనుషులు రైలెక్కారు, నిజమే. ఉప్పు, కట్టెలు, గుల్ల కాలువలోనే ఉండిపోయాయి. ఎందుకంటే ఉప్పు రైలెక్కాలంటే కొఠారు నుంచి బండి, బండి నుంచి షెడ్డు, షెడ్డు నుంచి వ్యాగను, అవతల మళ్లీ వ్యాగను నుంచి బండి, బండి నుంచి కొట్టు. మూడు ఎత్తుళ్లు, మూడు దింపుళ్లు. రైలొచ్చిన అరవై ఏళ్ల తర్వాత, 1960-61లో కూడా ఆ కాలువ మీద రెండు లక్షల టన్నులకు పైగా సరుకు నడిచింది.

కాలువను చంపింది మేట. నాకు పదేళ్లప్పుడు తాతయ్యతో పడవలో వెళ్లాను. గుండ్లకమ్మ దాటే చోట పడవ ఇసుకలో కూరుకుపోయింది. పూడిక తీయిస్తామని చెప్పినవాళ్లు ఆ ఏడాది రానే లేదు. మూడు రాత్రులు అక్కడే ఉన్నాం. రెండో రాత్రి వాన. తాటాకులు కప్పినా అడుగున ఉప్పు కరిగి నీళ్లయింది. అవతల షావుకారు తరుగు మొత్తం తాతయ్య కూలిలోనే కోశాడు. ఆ తర్వాత తుఫానులు వచ్చి గట్లు తెంపాయి. ఆ గట్లు మళ్లీ సరిగ్గా పోయలేదు. ఆపైన కాలువకు అడ్డంగా వంతెనలు కట్టారు, కింద నుంచి తెరచాప పడవ దూరేంత ఎత్తు వదలకుండా. మద్రాసులో అయితే కాలువలోనే స్తంభాలు దింపి, పైన లోకల్ రైలు నడిపారు. లారీ అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. వచ్చి ఒకే మాట చెప్పింది: మీ కొఠారు దగ్గర ఎక్కిస్తాను, మీ కొట్టు దగ్గర దించుతాను. ఒక ఎత్తుడు, ఒక దింపుడు. తాతయ్య పడవ చేసిన పనే అది. మేము షెడ్డులో కూర్చుని పూర్తి ర్యాకు, అంటే ఒక గూడ్సు బండికి సరిపడా సరుకు, ఉంటేనే తీసుకుంటామని చెబుతుంటే, పది టన్నులున్న రైతు లారీ పిలుచుకున్నాడు. అతని తప్పేం లేదు.

రోడ్డు గురించి పెద్దగా చెప్పను, మీరు రోజూ చూస్తున్నదే. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలైన సంస్థే మన ఆర్టీసీకి మూలం. 1999లో శంకుస్థాపన చేసిన స్వర్ణ చతుర్భుజి, 5,846 కిలోమీటర్లు, మన పక్క నుంచే పోతుంది. అప్పటి ఐదో నంబరు హైవే ఇప్పుడు పదహారో నంబరు. దానివల్ల ప్రయాణం తగ్గింది, ఆ మాట కాదనను.

గాలి దారి ఎప్పుడూ తేలికైన సరుకుది. 1932 అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి చిన్న విమానం నడిపినప్పుడు అందులో ఉన్నవి ఉత్తరాలు. బొంబాయి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు ఇంకో పైలట్ తీసుకుపోయాడు. 2017 ఏప్రిల్‌లో, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజు ఎగిరిన తొలి విమానాల్లో కడప, హైదరాబాదు విమానం ఒకటి. చిన్న ఊళ్లకు మంచిదే. కానీ మన ఒడ్డుకు విమానం ఎలా ముడిపడిందో చెప్పాలంటే రొయ్య గురించి చెప్పాలి.

ఇక్కడ ఎంతమంది ఇళ్లలో చెరువులున్నాయి? చాలా చేతులే లేచాయి. అయితే తప్పులుంటే మీరే దిద్దండి. 2009లో మన దేశంలో వెనామీ రొయ్యకు అనుమతి ఇచ్చారు. ఆ తల్లి రొయ్యలు ఇక్కడివి కావు. అమెరికా నుంచి, హవాయి లాంటి చోట్ల నుంచి, డబ్బాల్లో ప్రాణాలతో విమానంలో చెన్నైకి వస్తాయి. నీలాంకరైలో క్వారంటైన్‌లో పెట్టి, రోగం లేదని తేలాక, రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలకు పంపుతారు. హేచరీలు మన ఒడ్డు పొడవునా ఉన్నాయి, సముద్రపు నీళ్లు కావాలి కాబట్టి. పిల్లల్ని పాలిథిన్ సంచుల్లో ఆక్సిజన్ నింపి, ఐసు పెట్టి, రాత్రి పూట వ్యానుల్లో చెరువులకు తీసుకుపోతారు. నాలుగు నెలలకు పట్టుబడి. ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి ప్లాంటుకు. అక్కడ గడ్డకట్టించి కంటైనర్లో పెట్టి విశాఖకో చెన్నైకో. అక్కడ ఓడ ఎక్కి మళ్లీ అమెరికాకే. తల్లి విమానంలో వచ్చింది, పిల్ల వ్యానులో తిరిగింది, ఆఖరికి ఓడలో వెళ్లింది. నీరు, నేల, గాలి అని మీరు కాగితం మీద రాసిచ్చారే, అది మా ఊళ్లో ఒక రొయ్య బతుకు.

ఇందులో రైతు గుండె ఎక్కడ కొట్టుకుంటుందో మీకు తెలుసు. విమానం గాల్లో ఉన్నప్పుడు కాదు, ఓడ సముద్రంలో ఉన్నప్పుడు కాదు. సంచి విప్పి పిల్లల్ని చెరువు నీళ్లకు అలవాటు చేసే అరగంట. పట్టుబడి రోజు లారీ రాక, ఐసు కరుగుతుంటే కౌంటు ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో దాన్నిబట్టి ధర, మాట్లాడాల్సి వచ్చే గంట. అన్నీ మారే చోట్లే.

దీనికి మందు కనిపెట్టినవాడు కూడా లారీల యజమానే. మాల్కం మెక్లీన్ అనే అమెరికా ఆయన 1956లో లారీ పెట్టెలనే నేరుగా ఓడ మీద పేర్చి పంపాడు, 58 పెట్టెలు. మూటలు విప్పకుండా పెట్టెకు పెట్టె మార్చడం. కంటైనర్ అంటే అంతే. ప్రపంచ వ్యాపారం దాని మీద నిలబడింది. విశాఖ రేవుకు 1933లో ఓడలు రావడం మొదలైనప్పుడు కూలీలు రోజుల తరబడి మోసిన పని ఇప్పుడు క్రేను గంటల్లో చేస్తుంది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. కొరిశపాడు దగ్గర హైవే మీద నాలుగు కిలోమీటర్ల ముక్క చూశారా? మధ్యలో డివైడర్ లేకుండా తిన్నగా ఉంటుంది. అది తుఫానో యుద్ధమో వస్తే విమానాలు దిగడానికి కట్టారు. 2022 డిసెంబరులో వైమానిక దళం అక్కడ ట్రయల్ చేసింది, విమానాలు చక్రాలు ఆనించకుండా బాగా కిందికి వచ్చి వెళ్లాయి. తుఫానుల ఒడ్డు మనది, రోడ్డు అవసరానికి విమానం దారి కావడం నాకు చాలా నచ్చింది. రోడ్డు కట్టేటప్పుడే గాలి దారిని కూడా దృష్టిలో పెట్టుకున్నారు. కాలువ మీద వంతెన కట్టినవాళ్లు కింద పడవను అలా దృష్టిలో పెట్టుకోలేదు.

ఆ చివర అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. కాలువ మళ్లీ నడుస్తుందా అని అడుగుతోంది.

2008లో ఈ కాలువలను, గోదావరి, కృష్ణ నదులను కలిపి నాలుగో జాతీయ జలమార్గం అన్నారు, 1,078 కిలోమీటర్లు. 2016 చట్టంలో దాన్ని 2,890కి పెంచారు, దేశం మొత్తం మీద జలమార్గాలు 111 అయ్యాయి. 2024-25లో దేశంలో నీటి దారుల మీద నడిచిన సరుకు 14 కోట్ల టన్నులు దాటింది. కాబట్టి నీటి దారి తిరిగి లేవదని చెప్పలేం. కానీ ఎక్కువ సరుకు ఎక్కడ నడుస్తోందో చూడమ్మా: ఒడ్డునే ఫ్యాక్టరీ, ఒడ్డునే రేవు ఉన్న చోట. మన కాలువ పొడవునా కృష్ణపట్నం, ఎన్నూరు ఓడరేవులు ఉన్నాయి, ఉప్పు ఉంది. వాటి మధ్య నడిచే బరువు సరుకుకు కాలువ పనికొస్తుంది. అన్నిటికీ పనికొస్తుందని నేను చెప్పను. కూరగాయలు లారీలోనే పోవాలి. నేను అడిగేది మాత్రం ఒకటే: ఇక మీద ఆ కాలువ మీద కట్టే ఏ వంతెనైనా పడవ దూరే ఎత్తు వదిలి కట్టాలి. పూడిక ఎప్పుడైనా తీయొచ్చు, కాంక్రీటు పోశాక లేపలేం. పడవల మాట పక్కన పెట్టినా, 2004 సునామీ రోజు ఎగదన్నిన నీటిని ఆ కాలువ చాలాచోట్ల తనలోనే నింపుకుంది. దాని అవతల ఇళ్లున్నవాళ్లకు ఆ విలువ తెలుసు.

ఒక చిన్న సాయం కావాలి. పెదగంజాం లాకు నుంచి మద్రాసు బేసిన్ బ్రిడ్జి దాకా పడవ ఆగే రేవులన్నిటి పేర్లు మా తాతయ్య వరసగా చెప్పేవాడు, పాటలాగా. నేను అప్పుడు రాసుకోలేదు. పెద్దయ్యాక గుర్తు చేసుకుని పంతొమ్మిది రాశాను, మధ్యలో ఖాళీలు ఉన్నాయి. మీ ఇళ్లలో ఎనభై దాటినవాళ్లు, ఆ ఒడ్డున పుట్టినవాళ్లు ఉంటే అడగండి. కాగితం ఈ బల్ల మీద పెడుతున్నాను. తెలిసిన పేరు, ఏ రేవు తర్వాత ఏది అన్నది రాసి వెళ్లండి.